దొరగారికి కబురెవరు చెబుతారు?

శేఖరం మాస్టారు అస్తమించారన్న వార్త డెట్రాయిట్ శివార్లలోని ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి, మంచు కురుస్తున్న ఒక ఉదయం, వారి సహధర్మచారిణి సుభద్రమ్మగారి గొంతులోనే విన్నాను. "మీ మాస్టారు వెళ్ళిపోయారయ్యా" అన్నారావిడ. అంతే. అశనిపాతం, దిగ్భ్రాంతి, నిశ్చేష్టత వంటి పెద్దమాటలు ఇటువంటి సందర్భాలకోసం మనమందరం దాచుకుంటాం. నేనూ దాచుకున్నాను. కానీ అవేవీ సమయానికి రాలేదు. నా బుర్రలో మెదిలిన మొదటి ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను: అయ్యో, ఇప్పుడు దొరగారికి ఈ కబురెవరు చెబుతారు?

దొరగారు పోయి రెండు శతాబ్దాలు ఎప్పుడో దాటింది. ఆయన పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండు ఉత్తరభాగాన కొన్ని గ్రామాలకు యజమాని. యుద్ధాలు చేయలేదు, శాసనాలు రాయించలేదు, కొన్నాళ్ళు పార్లమెంటులో కూర్చున్నా చరిత్ర పుస్తకాల్లో అధోజ్ఞాపికగానైనా కనిపించడు. తన పొలాల గురించి, పిల్లల గురించి, కాలి వాపు గురించి దివానుకూ కొడుకులకూ ఉత్తరాలు రాసుకుంటూ బతికి, ఒక చలికాలంలో కన్నుమూశాడు. ఆ ఉత్తరాలు అక్కడి దస్తావేజుల భవనంలో భద్రంగా ఉన్నాయి. డెట్రాయిట్ దగ్గరి ఒక కాలేజీలో చరిత్ర బోధించిన మా మాస్టారు సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి వాటిని చదివి వచ్చేవారు. "అందరూ లండన్ చూడ్డానికి వెళ్తారు, నాకు మాత్రం దొర దొరికాడోయ్" అనేవారు.

అటువంటి మనిషి బతికే ఉన్నాడని నేను అనుకోవడం ఆ ఉదయం మొదటిసారి కాదు. ఆ పక్కనే ఉన్న నోవైకి నేను కొత్తగా వచ్చిన రోజుల్లో, ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు ఏరుకుంటుండగా మాస్టారితో పరిచయమైంది. తరవాత కొన్నాళ్ళకు అక్కడే కలిస్తే దిగులుగా కనిపించారు. ఏమిటి సంగతని అడిగాను. "మా దొరకి మళ్ళీ కాలు వాచిందోయ్. దానికితోడు పెద్దమ్మాయి సంబంధం తప్పిపోయింది" అన్నారు. దొర అంటే తెలంగాణ వైపు పెద్ద కమతమున్న స్నేహితుడెవరో అనుకున్నాను. మనవాళ్ళ రక్తంలో ఒక రుగ్మత ఉంది. పెళ్ళికాని పిల్ల అని చెవిన పడితే చాలు, పెళ్ళికాని పిల్లవాడు కళ్ళముందు నిలబడతాడు. నా కళ్ళముందు సన్నీవేల్‌లో ఉంటున్న మా మేనత్త కొడుకు నిలబడ్డాడు.

"మావాడున్నాడు మాస్టారూ. హెచ్-వన్ మీద ఉన్నాడు, గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. మందూ సిగరెట్టూ ఏమీ లేవు" అన్నాను.

మాస్టారు నవ్వలేదు. కరివేపాకు పొట్లానికి ముడి వేశారు. "వయసు తేడా కాస్త ఎక్కువవుతుందేమోనోయ్" అన్నారు.

"అమ్మాయి పెద్దదా అండీ?"

"కొంచెం" అన్నారు. బయోడేటా పంపమన్నారు. జాతకంతో సహా పంపాను. మా మేనత్త ఇండియా నుంచి ప్రతివారం ఫోన్ చేసి దొరగారి కబురేమైందని అడిగేది. పెద్దింటివాళ్ళు, తొందరపడరని సర్దిచెప్పేవాణ్ణి. చివరికి ఒకనాడు మాస్టారింటికి వెళితే గోడమీద ఒక చిత్రం: తెల్లటి విగ్గు, ఎర్రటి ముక్కు, ముక్కాలిపీట మీద చాపిన వాచిన కాలు. "ఈయనే" అన్నారు మాస్టారు, పక్కింటాయన్ని పరిచయం చేసినట్టు. నేను నేలలోకి కుంగిపోతుంటే, "నువ్వు పంపిన బయోడేటా దొరకి వినిపించానోయ్. కుర్రాడికి భూమెంత ఉందని అడిగాడు" అన్నారు. మా మేనత్తకు నేను ఈనాటికీ నిజం చెప్పలేదు.

మాస్టారు ఆ దొర మీద తెలుగులో ఒక బృహద్గ్రంథం రాశారు. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి తెలుగు, ఎవరు చదువుతారని అందరిలాగే నేనూ అడిగాను. "మన సాహిత్యంలో భూస్వామి ఉంటే దేవుడు, లేకపోతే రాక్షసుడు. కాలవ పూడిపోయిందని రాత్రి నిద్రపట్టని మనిషి మనకి ఒక్కడూ లేడు. ఒకణ్ణి అరువు తెస్తున్నాను" అన్నారు. దొరను ఆయన వెనకేసుకొచ్చిందీ లేదు. దుంగలు ఎత్తుకుపోయాడని ఒక ముసలివాణ్ణి జైలుకు పంపిన ఉత్తరాన్ని మాకు చదివి వినిపించినప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "స్నేహితులకి రాసేటప్పుడు ప్రతివాడూ సజ్జనుడే. మనిషి అసలు రంగు దివానుకి రాసినప్పుడు తెలుస్తుంది" అనేవారు. ఇంకొకటి తరచు అనేవారు: "భూస్వామి అన్నమాటే అబద్ధమోయ్. భూమికి స్వామి ఎవడూ లేడు. ఉన్నవాళ్ళందరూ కాపలాదార్లే, కొందరికి జీతం ఎక్కువ."

ఈ పాండిత్యమంతా పుస్తకాల పురుగు వ్యాపకమని భ్రమపడుతున్న నాకు మా ఇంటి బేస్‌మెంటు బుద్ధి చెప్పింది. మంచు కరిగే కాలంలో ప్రతి ఏడూ నీళ్ళు వచ్చేవి. ఒక ఏడు మరీ ముంచెత్తాయి. బొమ్మలకొలువు పెట్టెలు అక్కడే ఉన్నాయేమో, దశావతారాల సెట్టులో మత్స్య కూర్మాలు తప్ప తక్కినవారందరూ కష్టంలో పడ్డారు. కంపెనీవాళ్ళు వచ్చి పంపు మార్చారు, మళ్ళీ వచ్చి ఇంకో పంపు పెట్టారు. మాస్టారు వచ్చి బేస్‌మెంటు లోపలికి తొంగి కూడా చూడలేదు. గొడుగు వేసుకుని వానలో ఇంటిచుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, గోడవారగా ఉన్న పూలపాదు దగ్గర ఆగారు. మా ఆవిడ ముచ్చటపడి అందంగా పల్లం చేయించిన పాదు అది. "నీళ్ళని ఇంట్లోకి పిలిచి, లోపల పంపులు పెట్టి గెంటుతున్నావు. దొర దివానుని తిట్టిందీ ఇందుకే. నీటితో పోట్లాడకు, దానికి దారి చూపించు" అన్నారు. పాదు పూడ్చి వాలు బయటికి తిప్పాం. ఆ తరవాత అవతారపురుషులు పొడిగా ఉన్నారు.

ఆయనకున్న భూమల్లా ఇంటివెనక పెరడు. దాన్ని ఎస్టేటు అనేవారు. మనవాళ్ళందరూ రియల్ ఎస్టేటులో పడి కొట్టుకుంటుంటే తనది ఊహా ఎస్టేటని నవ్వేవారు. పొలిమేరలు మరిచిపోకుండా దొరగారి ఊళ్ళో జనం ఏటా ఒకసారి హద్దుల వెంట నడిచేవారట. మాస్టారు మంచు కరిగిన మొదటి ఆదివారం ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్ళి, పక్కింటి రాబర్ట్‌ని హద్దు నడుద్దాం రమ్మని పిలిచారు. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయిన రాబర్ట్ బెదిరిపోయి, కోర్టు వ్యవహారమేమోనని లాయరుకి ఫోన్ చేశాడట. నడక పూర్తయ్యేసరికి టీ అయిపోయింది, భయమూ పోయింది. అది వాళ్ళిద్దరి మధ్య ఆచారమైంది. మాస్టారు పోయిన మర్నాడు నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి, రెండు పెరళ్ళ మధ్య తాజా మంచులో, ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒక్క మనిషి బూట్ల జాడలు ఉన్నాయి.

ఇంతవరకు రాసింది సులువైన భాగం. ఇకమీదట రాయవలసింది ఆయన కోరిక గురించి, దానికి మేము, ముఖ్యంగా నేను, పట్టించిన గతి గురించి.

ఆయన కోరిక చాలా చిన్నది. పుస్తకం అచ్చు కావాలని కాదు, సన్మానం కావాలని కాదు. అందులో కాలవల అధ్యాయం అని ఒకటుంది. పైకి చదివితే ముప్పావుగంట. గుండె మొరాయించడం మొదలుపెట్టాక, ఆ ఒక్క అధ్యాయాన్ని ఎవరూ మధ్యలో ఆపకుండా తెలుగువాళ్ళ ముందు చివరిదాకా చదవాలని కోరుకున్నారు. కోరింది నన్నే, ఎందుకంటే మా తెలుగు సంఘానికి నేను సాంస్కృతిక కార్యదర్శిని. కార్యాన్ని దూరంనుంచి దర్శించడమే నా పని అని ఆయనకు తెలియదు. ఉగాదికి ఐదు నిమిషాలిచ్చాం. దొరగారి ఊరు వర్ణించేసరికి పిల్లల సినిమా డాన్సు మొదలైంది. మరుసటేడు స్పాన్సరు ప్రసంగం సాగిపోయి ఆయన వంతే రాలేదు. "దొర కూడా పార్లమెంటులో ఒక్కసారే నోరు తెరిచాడు, అదీ తలుపు వెయ్యమని" అని తేలిగ్గా తీసుకున్నారు.

కిందటి దీపావళి సంబరాలకు నేను పట్టుబట్టి పక్కగదిలో సాహిత్యసభ పెట్టించాను. సంఘం అధ్యక్షులు వెంకట్‌గారు దానికి సరిగ్గా భోజనాల వేళ ఇచ్చారు. అటు బిర్యానీ, ఇటు భూస్వామి. గదిలో కుర్చీలు నిండుగా ఉన్నాయి, మనుషులు లేరు. నా ఉద్యోగం కార్ల సీట్ల డిజైను. మనుషుల్ని కూర్చోబెట్టడం తెలిసినవాణ్ణని జీతమిస్తున్నారు. ఆ రోజు నాకు తోచిన ఉపాయం చూడండి: భోజనాల లైన్లో నిలబడ్డ మాస్టర్స్ విద్యార్థుల దగ్గరికి పోయి, ఉపన్యాసం విని వచ్చినవాళ్ళ భోజనం టోకెన్ మీద సంతకం పెడతామనీ, సంతకమున్నవాళ్ళకు లైనుతో పనిలేకుండా బిర్యానీ ఇస్తామనీ చెప్పాను. గది నిండిపోయింది.

మాస్టారు లోపలికి వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అంత వెలుగు ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. సంతోషంగా ఉన్నారు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చదువుతుంటే పిల్లలు మర్యాదగానే కూర్చున్నారు. సగం అధ్యాయమయ్యేసరికి గది కావాలని పక్క కార్యక్రమంవాళ్ళు తలుపు కొట్టారు. ఎక్కడివక్కడ ఆపవలసి వచ్చింది. వరంగల్లు నుంచి వచ్చిన నిహారిక అనే అమ్మాయి మాత్రం చెయ్యెత్తింది.

"సార్, దొర ఉత్తరాలు ఉన్నయ్ సరే. ఆ కాలవలు తవ్వినోళ్ళు ఏమనుకున్నరో ఎట్ల తెలుస్తది?"

మాస్టారు కాగితాలు సర్దేశారు. "తెలియదమ్మా. వాళ్ళకి రాయడం రాదు. ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని నేను రిటైరయ్యేదాకా చూశాను" అన్నారు.

అక్కడితో ముగిసుంటే ఎంత బావుండేది. పిల్లలు లేచి బల్లచుట్టూ మూగారు. ముందున్న కుర్రాడు టోకెన్ చాచి, "అంకుల్, సైన్ మీరేనా పెట్టేది?" అన్నాడు. మాస్టారు జేబులోంచి కలం తీశారు. పేరడిగారు. బోర్లా అందించిన ఆ కాగితం వెనకవైపు, తన ముత్యాల్లాంటి అక్షరాలతో, చిరంజీవి ప్రణీత్‌కు ఆశీస్సులతో అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి, సిరా ఆరడానికి ఊది ఇవ్వబోతూ కాగితం ఇవతలికి తిప్పారు. బిర్యానీ బొమ్మ ఉంది.

నేను ఎదురుగానే ఉన్నాను. ఆయన నావైపు చూడలేదు. నా మీది దయతోనే చూడలేదని తరవాత అర్థమైంది. తక్కిన పిల్లలందరి పేర్లూ అడిగి, అందరికీ ఆశీస్సులు రాసి, సంతకాలు చేశారు. గది ఖాళీ అయ్యాక కలానికి మూత పెడుతూ అన్నారు:

"మా దొర కూడా ఎన్నికలప్పుడు ఓటర్లకి విందు పెట్టేవాడోయ్. కాకపోతే, ఆయన వాళ్ళ పక్కన కూర్చుని తినేవాడు."

ఇంతకన్న కఠినంగా నన్నెవరూ తిట్టలేదు. ఇంతకన్న మృదువుగానూ.

అడగవలసింది క్షమాపణ. దానికి బదులుగా, జనం వద్దు మాస్టారూ, నాకొక్కడికే చదవండి, చివరిదాకా వింటాను అన్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. సుభద్రమ్మగారు పప్పుచారుతో భోజనం పెట్టారు. కిటికీలోంచి ఎండ, మెత్తటి వాలుకుర్చీ. మాస్టారు మొదటి పేజీ తీశారు. దొరగారు తన పల్లపు చిత్తడినేలను ఎత్తైన దిబ్బమీదనుంచి చూడడం వరకు నాకు బాగా జ్ఞాపకం. తరవాత "అదీ సంగతి" అన్నమాట వినిపించింది. కాగితాలు దొంతరగా సర్ది ఉన్నాయి, నా మీద శాలువా ఉంది. "అద్భుతం మాస్టారూ. ముఖ్యంగా చివరి భాగం" అన్నాను, నిటారుగా కూర్చుంటూ.

"టీ తాగు" అన్నారాయన.

మళ్ళీ వస్తానన్నాను. ఆఫీసులో డెడ్‌లైన్ అన్నాను, మంచు తగ్గనీయండి అన్నాను. మంచు తగ్గకముందే ఆయన గుండె ఆగిపోయింది.

అంత్యక్రియలయ్యాక సుభద్రమ్మగారు ఆ అధ్యాయం కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. నేను సంకోచిస్తూ, ఆ రోజు చివర్లో కాస్త కునుకు పట్టిందండీ, మాస్టారికి తెలిసిందేమో అన్నాను.

"చివర్లోనా?" అన్నారావిడ. ఆ ముఖంలో కోపమేమీ లేదు. "రెండో పేజీకే గుర్రు పెట్టావు నాయనా. లేపమంటారా అన్నాను. వద్దు, మా దొర చర్చిలో ముందు వరసలోనే నిద్రపోయేవాడు, ప్రసంగం ఆగలేదుగా అన్నారు. గొంతు తగ్గించి నీకు చివరిదాకా చదివారు."

ఆ కాగితాలు పట్టుకుని కార్లో కూర్చుని చాలాసేపు ఇంజను స్టార్ట్ చేయలేకపోయాను. ముప్పావుగంటసేపు, నిద్రపోతున్న ఒక మూర్ఖుడికి మెలకువ రాకుండా మెల్లగా చదివిన ఆ గొంతు ఎలా ఉండిందో నాకు ఎప్పటికీ తెలియదు. అది వినే భాగ్యం ఈ లోకంలో ఒక్కడికే దక్కింది, వాడు వినలేదు. కాలవల అధ్యాయం నేను మొదటిసారి చదివింది ఆ రాత్రే. దొరగారు ఆ చిత్తడినేలను ఎండబెట్టడానికి సగం జీవితం పెట్టాడు. పొరుగువాడు అడ్డుపడ్డాడు, కొడుకు వెక్కిరించాడు, దివాను మోసగించాడు, ఏటా తవ్విన కాలవ ఏటా పూడింది. ఆయన పోయిన మరుసటి వసంతంలో నీళ్ళు దారి పట్టాయి. ఆరిన నేలను ఆయన చూడలేదు. ఇన్నాళ్ళూ మేము కాలవల గోల అని ఎగతాళి చేసింది దీన్ని.

ఆయన స్థానాన్ని భర్తీచేయగలవారు లేరని రాయడం మన ఆనవాయితీ. నేను రాయగలిగింది ఇంతే: ఆయన ఉండగా ఆ స్థానం మేమాయనకు ఇవ్వనే లేదు. ఆ మహనీయుడికి నా నమస్సులు అర్పించే అర్హత నాకుందో లేదో తెలియదు. అందుచేత, మాస్టారు నిస్సందేహంగా ఆక్షేపించి ఉండే ఒక పని చేశాను. అది చెప్పి ముగిస్తాను.

సంతాపసభ పెట్టింది ఆ తరవాతి ఆదివారం మధ్యాహ్నం, గుడి పక్కనున్న పెద్ద హాల్లో. బతికుండగా పక్కగది ఇచ్చినవాళ్ళం, పోయాక పెద్ద హాలిచ్చాం. జనం బాగానే వచ్చారు. సుభద్రమ్మగారు ముందు వరసలో, ఆవిడ పక్కన కోటు వేసుకుని రాబర్ట్. నిహారిక వెనక నిలబడింది. వెంకట్‌గారు నన్ను పక్కకు పిలిచి, డెట్రాయిట్ జట్టు ఫుట్‌బాల్ ఆట ఉందనీ, ఇంటికి గెస్టులొస్తున్నారనీ గుర్తుచేశారు. "షార్ట్‌గా పెట్టుకుందాం అన్నగారూ. రెండు నిమిషాల మౌనం, ఫోటోకి పూలు, మీరు రెండు ముక్కలు మాట్లాడండి, క్లోజ్ చేసేద్దాం" అన్నారు. అలాగేనన్నాను. మౌనం పాటించాం. పూలు వేశాం. మైకు నా చేతికొచ్చింది.

కాగితాలు తీశాను. మాస్టారి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టాను. ఉగాది సభలోనుంచి లేచిపోవచ్చు, దీపావళి సభలోనుంచి లేచిపోవచ్చు. కానీ పోయినవాడి ఫోటో ముందునుంచి, ఆయన భార్య చూస్తుండగా, మన తెలుగువాడెవడూ లేచి వెళ్ళలేడు. పోట్లాడడానికి వీల్లేని ఆ మర్యాద గోడలమధ్య దొరగారి చిత్తడినేల, పొరుగువాడి తగాదా, దివాను మోసం, అన్నీ వరసగా సాగిపోయాయి. మొదట్లో దగ్గులు, ఫోన్ల వెలుగులు. పూడిన కాలవ రెండోసారి తవ్వేవేళకు దగ్గులు తగ్గాయి. ఎవరో నవ్వవలసిన చోట నవ్వారు కూడా. సుభద్రమ్మగారు కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ నాకన్న ఒక మాట ముందు వెళుతున్నారు.

దొరగారి మరణంతో ఆ పేజీ అయిపోయింది, ఒక్క క్షణం ఆగాను. అయిపోయిందనుకున్నారు కాబోలు, వెంకట్‌గారు వందన సమర్పణకు సగం లేచారు.

నేను పేజీ తిప్పాను. ఆయన కూర్చున్నారు.